మల్బరీ పండ్లు నెలల తరబడి కోసుకోవాలంటే

మల్బరీ చెట్టున్న ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. ఫిబ్రవరి ఆఖర్లో చెట్టంతా పండు. ఇంటిల్లిపాదీ తిని, పక్కిళ్లకు గిన్నెల్లో పంచి, పిల్లల తెల్ల చొక్కాలకు ఊదా మరకలు చేసుకుని, మిగిలింది నేలరాలి చీమల పాలై, మూడు వారాలకల్లా అంతా ఖాళీ. ఆ తర్వాత ఏడాదంతా చెట్టు ఆకు రాల్చడం, మనం ఊడవడం.

మా ఇంట్లోనూ మొదటి మూడేళ్లు అంతే. అనంతపురం ఊరి చివర ఇల్లు. ఎర్రనేల, రెండడుగులు తవ్వితే గరుసు, బోరు నీళ్లలో ఉప్పు. పెరట్లో ఐదు చెట్లు. ఇప్పుడు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక విడత, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇంకో విడత, ఏదో ఒక చెట్టు మీద రోజుకు ఒక చెంబు పండ్లయినా దొరుకుతున్నాయి. కొత్త రకాలేమీ తేలేదు, ఖరీదైన మందులు కొట్టలేదు. కత్తెర ఎప్పుడు పట్టాలో, కొమ్మ మీద ఎక్కడ పెట్టాలో తెలిసింది, అంతే. అది తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నా.

ముందు ఒక మొగ్గను దగ్గర నుంచి చూడండి

మామిడి మాదిరి మల్బరీకి పూత విడిగా, కొమ్మ చివర రాదు. పోయిన కారులో పెరిగి ముదిరిన కొమ్మ మీద, ప్రతి ఆకు కాడ మొదట్లో గోధుమరంగు మొగ్గ ఒకటి నిద్రపోతూ ఉంటుంది. అది విచ్చినప్పుడు లోపల నుంచి ఆకు ఒక్కటే రాదు. రెండు మూడు రోజులు ఆగి చూస్తే, లేత చిగురు అడుగున, ఆకుల చంకల్లో, మిరియం గింజ కంటే చిన్నవి పచ్చటి గుత్తులు కనిపిస్తాయి. వాటి మీద తెల్లటి నూగు లాంటివి సన్నగా లేచి ఉంటాయి. అవే ఆడపువ్వులు. ఒక్కో గుత్తిలో పదుల కొద్దీ పువ్వులుంటాయి. ఒక్కో పువ్వూ ఒక్కో రసపు గింజై, అన్నీ కలిసి మనం తినే ఒక పండు అవుతాయి. పనసపండు కట్టే తీరే ఇది. పనస, మర్రి, మేడి, మల్బరీ అన్నీ ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారేది అందుకే.

దీని నుంచి రెండు సంగతులు పట్టుకోండి. ఒకటి, పండు కొత్త చిగురుతో పాటే వస్తుంది. రెండు, ఆ కొత్త చిగురు ముదిరిన కొమ్మ మీది మొగ్గ నుంచి రావాలి. చెట్టు తనంతట తాను ఏడాదికి ఒకసారో రెండుసార్లో చిగురిస్తుంది కాబట్టి అప్పుడే పండ్లు వస్తాయి. మనం చిగురింపచేస్తే మనం అనుకున్నప్పుడు వస్తాయి. చీనీ (బత్తాయి) తోటల్ని బెట్టకు విడిచి, ఆ తర్వాత నీళ్లు కట్టి పూత తెప్పించడం మన జిల్లా రైతులకు కొత్త కాదు. ఇదీ అలాంటి పనే, కాకపోతే ఇక్కడ నీళ్లతో పాటు కత్తెర కూడా కావాలి.

నేను చేసిన తప్పు

మా చిన్నాయన వాళ్లది మడకశిర వైపు. మూడెకరాల పట్టు తోట, అంటే పట్టుపురుగుల మేతకు వేసిన మల్బరీ. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు వేస్తారు. ఆయన తోటలో చూసిందే పద్ధతి అనుకుని, రెండో ఏడాది నా చెట్లన్నిటినీ జానెడు మోళ్లు మిగిల్చి నరికేశాను. నెలన్నరలో నా ఎత్తు రెమ్మలు లేచాయి. ఆకులు పళ్లేలంత. చూసినవాళ్లంతా ఏం ఎరువు వేశావని అడిగారు. పండు మాత్రం చెట్టుకు పది కూడా లేవు. చిన్నాయన పండక్కి వచ్చి చూసి నవ్వాడు. "ఆకు కావల్లంటే మొదుట్లో కొట్టాల. పండు కావల్లంటే కొసలు కొట్టాల్రా నాయనా. నువ్వు పురుగులకు పెంచినావు, మనుషులకు కాదు."

పట్టు రైతుకు పండు నష్టమే. పండుకు పోయే బలం ఆకుకు తగ్గుతుంది. అందుకే కింద దాకా కొట్టి, ఏపుగా రెమ్మలు లేపి, పండు జోలికి పోనివ్వకుండా ఆకు కోసుకుంటాడు. మోడు నుంచి లేచే రెమ్మకు ఆకు మీదే ధ్యాస. మనకు కావలసింది దానికి తలకిందులు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో మల్బరీ గురించి ఎవర్ని అడిగినా వచ్చే సలహా ఆకు సలహా అయి ఉంటుంది. అది తప్పు కాదు, మన పనికి సరిపోదంతే. విన్నప్పుడల్లా "ఇది ఆకుకా, పండుకా" అని ఒక మాట అడగండి.

మొక్క తెచ్చుకోవడం

గింజ నుంచి పెంచకండి. కాపుకు ఏళ్లు పడుతుంది. పైగా మల్బరీలో మగచెట్లు వేరుగా ఉండే రకాలున్నాయి. అంతా పెంచాక మగదని తేలితే నీడకు తప్ప పనికిరాదు. (మగపువ్వు చేసే పని మాత్రం చూడదగ్గది. కేసరం స్ప్రింగు మాదిరి విదిలించుకుని పుప్పొడిని విసురుతుంది. తెల్ల మల్బరీలో ఆ వేగం ధ్వని వేగంలో సగానికి మించి ఉందని 2006లో కెమెరాలతో కొలిచారు. మన పెరట్లో దానివల్ల ఒరిగేది తుమ్ములే.)

కాసే చెట్టును కళ్లారా చూసి, పండు తిని చూసి, దాని కొమ్మ తెచ్చుకోవడం అన్నిటికంటే మేలు. పుల్ల నాటితే బతికే చెట్టు ఇది. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న కొమ్మ, పెన్సిలు లావుది, బెరడు గోధుమరంగుకు తిరిగింది ఎంచుకోండి. మరీ లేత కొస, మరీ ముదురు మొదలు రెండూ వద్దు. జానెడు ముక్కలుగా, ఒక్కోదానికి మూడు నాలుగు మొగ్గలుండేలా కత్తిరించండి. కింది కోత ఏటవాలుగా ఉంటే ఏది కింద, ఏది పైన అన్న గందరగోళం రాదు. తలకిందులుగా నాటి నెల రోజులు నీళ్లు పోసినవాళ్లను చూశాను. ఎర్రమట్టి, ఇసుక, మాగిన దిబ్బెరువు సమానంగా కలిపి కవర్లలో నింపి, పైన ఒక్క మొగ్గ కనపడేలా గుచ్చి, చెట్టు నీడన పెట్టండి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు. రెండు వారాల్లో చిగుళ్లు వస్తాయి. అది చూసి వెంటనే నాటకండి. కొమ్మలో దాచుకున్న సత్తువతో వచ్చిన చిగురది, అడుగున వేరు ఇంకా ఉండదు. మూడు నాలుగు నెలలు కవర్లోనే ఉంచండి. పది గుచ్చితే అన్నీ బతకవు, అందుకని కావలసినదానికి రెట్టింపు గుచ్చండి.

రకాల సంగతి. పట్టు తోటల్లో ఎక్కువగా కనిపించే వి-1 మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ తీసిన రకం. దాన్ని ఎంచిందే ఆకు కోసం. పండు కోసమైతే పాత ఇళ్లలో, దర్గాల దగ్గర, కాలువ గట్ల మీద ఉండే నాటు నల్ల మల్బరీ రుచిలో ముందుంటుంది. తీపికి తోడు కొంచెం పులుపు తగులుతుంది. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే పొడవు మల్బరీ వేలు పొడవున కాస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకు ఇష్టం. పులుపు లేని తీపి, నా నాలుకకు చప్పగానే ఉంటుంది. నా దగ్గర నాటువి మూడు, పొడవువి రెండు. రెండు రకాలుండటంలో ఒక లాభముంది. ఒకే రోజు కత్తిరించినా రెండూ ఒకే రోజు పండవు.

ఎక్కడ, ఎలా నాటాలి

రోజుకు ఆరు గంటలకు తగ్గని ఎండ కావాలి. గోడకు, సెప్టిక్ ట్యాంకుకు, నీళ్ల పైపులకు పది పన్నెండు అడుగుల ఎడం ఉంచండి. దీని వేర్లు తడి వాసన పట్టుకుని చాలా దూరం పోతాయి. చెట్టుకూ చెట్టుకూ పది అడుగులు చాలు, మనం వాటిని ఎత్తు పోనివ్వం కాబట్టి. బట్టలు ఆరేసే తీగ కిందా, కారు నిలిపే చోటా వద్దని వేరే చెప్పక్కర్లేదు.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత. మే నెలలో తీసి ఎండకు వదిలితే మట్టిలోని పురుగు, గుడ్డు మాడిపోతాయి. మన నేలల్లో అడుగున గరుసు తగిలితే గడ్డపారతో ఇంకో అడుగు పగలగొట్టండి. ఆ గట్టి పొర మీద నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. గుంత నింపడానికి పైమట్టి, రెండు తట్టల మాగిన దిబ్బెరువు, కిలో వేపపిండి. జూన్, జూలై తొలకరిలో నాటండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మనది, మిగతా నెలలకంటే ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరులోనే. తొలకరికి నాటితే ఆ రెండు నెలల తడి మొక్కకు పూర్తిగా దక్కుతుంది.

మేడ మీదైతే వంద లీటర్ల డ్రమ్ము కావాలి. చిన్న కుండీలో బతుకుతుంది, కాస్తుంది కూడా, కానీ వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోయలేక మీరే విసిగిపోతారు.

మొదటి రెండేళ్లు ఆకారం కోసం

నాటిన ఏడాదే రెండు పండ్లు కనపడతాయి, తినండి, కానీ కాపు మీద ఆశ పెట్టుకోకండి. మొక్క నడుము ఎత్తుకు రాగానే కొస తుంచండి. కింద నుంచి వచ్చే రెమ్మల్లో నాలుగు దిక్కులకు పోయే నాలుగింటిని ఉంచి మిగతావి తీసేయండి. అవి రెండడుగులు పెరిగాక వాటి కొసలూ తుంచండి. ఒక్కోటి రెండు మూడు పాయలవుతుంది. మధ్యలో ఖాళీగా, వెడల్పాటి గిన్నె ఆకారంలో చెట్టు తయారవుతుంది. లోపలికి ఎండ, గాలి పోవాలి. చేయి చాస్తే కొస అందాలి. పండు నిచ్చెన ఎక్కి కోసేదైతే అది పిట్టలకే.

కత్తిరింపు: అసలు పని ఇదే

మూడో ఏడాది నుంచి ఇది మొదలుపెట్టండి. వరసగా చెప్తాను.

కత్తిరించాలనుకున్న రోజుకు పది రోజుల ముందు ఆ చెట్టుకు నీళ్లు ఆపేయండి. ఆకు మధ్యాహ్నం కొంచెం వాడి, సాయంత్రానికి తేరుకునేంత బెట్ట చాలు. వాడిన ఆకు సాయంత్రానికీ లేవకపోతే ఎక్కువైనట్టే. మే ఎండల్లో ఈ బెట్ట జోలికి అసలు పోవద్దు.

ఆ రోజున మొదట ఎండు పుల్లలు, లోపలికి తిరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి, మొదట్లో నుంచి నిట్టనిలువుగా లేచే నీటిరెమ్మలు మొదలంటా తీసేయండి.

మిగిలిన కొమ్మలు ఒక్కోటి పట్టుకుని చూడండి. కొస పచ్చగా, వంచితే వంగేలా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ గోధుమరంగుకు తిరిగి గట్టిపడుతుంది. ఆ పచ్చ భాగం పోవాలి, గట్టి భాగం ఉండాలి. నాలుగడుగుల కొమ్మకు నేను పై మూడో వంతు తీసేస్తాను. ఒక్కో కొమ్మకు ఆరు నుంచి పది మొగ్గలు మిగలాలి. కోత మొగ్గకు పైన పావు అంగుళంలో, ఏటవాలుగా, మొగ్గ చెట్టు బయటి వైపు చూసేలా పెట్టండి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలిపేస్తుంది, నలిగిన చోట నుంచి ఎండు కిందికి దిగుతుంది.

ఇక చాలామంది వదిలేసే పని: మిగిలిన కొమ్మల మీద ఆకు మొత్తం తీసేయాలి. ఒక్కటి కూడా ఉంచొద్దు. ఆకున్నంత కాలం దాని కాడ మొదట్లోని మొగ్గ లేవదు. చేత్తో గుంజితే బెరడు చీలి మొగ్గ కూడా ఊడొస్తుంది. అందుకని కాడ మధ్యలో కత్తిరించండి. మిగిలిన కాడ ముక్క వారం పది రోజుల్లో పసుపై తనే రాలుతుంది. ఒక చెట్టుకు నాకు గంటన్నర పడుతుంది. ఆదివారం పొద్దున కూర్చుని చేసుకునే పని. ఆకును మేకలు ఎంత ఇష్టంగా తింటాయంటే, మా వీధిలో మేకలున్నామె నా కత్తిరింపు తేదీ నాకంటే ముందు గుర్తుపెట్టుకుంటుంది.

అదే సాయంత్రం చెట్టు చుట్టూ పాదు చేసి, రెండు తట్టల దిబ్బెరువు వేసి, నిండా నీళ్లు కట్టండి. బెట్ట మీదున్న చెట్టుకు ఒక్కసారిగా తడి తగిలితే మొగ్గలన్నీ కలిసి లేస్తాయి. పది, పదిహేను రోజుల్లో చిగురు, దాంతో పాటే పూగుత్తులు. కత్తిరించిన నాటి నుంచి మొదటి నల్లపండుకు మా పెరట్లో రెండు నెలలు అటూ ఇటూ. డిసెంబరు, జనవరి చలికి ఇంకో పది పదిహేను రోజులు ఎక్కువ పడుతుంది. అక్కడి నుంచి ఒక చెట్టు మూడు వారాలు, బాగుంటే నెల రోజులు కాస్తుంది.

కొత్త రెమ్మకు ఐదారు ఆకులు రాగానే, కాయలు బఠాణి అంత ఉండగా, కొసలు గిల్లండి. రెమ్మ పొడవుకు పోయే బలం కాయకు మళ్లుతుంది. కాయే లేకుండా ఆకే వేసిన రెమ్మ కనపడితే అది తీసేయొచ్చు.

నెలకో చెట్టు

ఇప్పుడు ఆ పనిని చెట్ల మధ్య పంచుకోవాలి. అన్నీ ఒకే ఆదివారం కత్తిరిస్తే మళ్లీ మూడు వారాల పండగే. నా ఐదు చెట్ల క్యాలెండరు ఇది.

మొదటి చెట్టు అక్టోబరు మొదటి వారం. దాని పండు డిసెంబరులో. రెండోది నవంబరు, మూడోది డిసెంబరు, నాలుగోది జనవరి, ఐదోది ఫిబ్రవరి, అన్నీ మొదటి వారాల్లోనే. ఐదో చెట్టు పండు ఏప్రిల్‌లో చేతికొచ్చి, ఎండ ముదిరేలోగా అయిపోతుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టను. ఆకు తీసిన కొమ్మ మీద మన ఎండ నేరుగా పడితే బెరడు కాలి పగుళ్లిస్తుంది. ఒకసారి మార్చి ఆఖర్లో ఆశపడి ఒక చెట్టు కత్తిరించాను. పడమటి వైపు కొమ్మలు మాడాయి, వచ్చిన పండు పొడిబారి కిస్‌మిస్ మాదిరి చెట్టు మీదే ఎండింది.

జూన్ మధ్యలో, ఒక వాన పడి గాలి చల్లబడ్డాక మొదటి చెట్టును మళ్లీ కత్తిరిస్తాను. జూలై రెండో వారం రెండోది, ఆగస్టు మొదట్లో మూడోది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చేది వీటి పండే. నాలుగు, ఐదు చెట్లకు ఈ విడత సెలవు. ఏడాదికి ఒక్క కాపే వాటికి. మరుసటి ఏడాది చెట్ల వంతు మార్చుకుంటాను. ఒకే చెట్టును ఏటా రెండుసార్లు పిండితే మూడో ఏటికి కొమ్మలు పెన్సిలు లావు కూడా రావు. ఒక చెట్టు రెండు కత్తిరింపుల మధ్య కనీసం నాలుగు నెలలుండాలి, కొమ్మ ముదరడానికి ఆ మాత్రం కావాలి.

వానాకాలపు పండు నీళ్లగా ఉంటుంది, గాలివానకు రాలుతుంది. చలికాలపుదే అసలు రుచి. రాత్రి చలి, పగటి ఎండ రెండూ పడ్డ జనవరి పండు తిన్నాక ఆగస్టుది జ్యూసుకు పెట్టాలనిపిస్తుంది.

ఒకే చెట్టుంటే? కొమ్మల్ని మూడు వాటాలు చేసుకోండి. తూర్పు వైపువి అక్టోబరులో, పడమటివి నవంబరు ఆఖర్లో, మిగతావి జనవరిలో. మొత్తం చెట్టును బెట్ట పెట్టడం కుదరదు కాబట్టి కత్తిరించి, ఆకు తీయడమే ఆధారం. ఐదు చెట్లంత కచ్చితంగా రాదు, కాపు కాలం మాత్రం రెండింతలవుతుంది. ఏ వాటా ఎప్పుడు కత్తిరించారో కొమ్మకు రంగు గుడ్డపీలిక కట్టి గుర్తుపెట్టుకోండి. నెల తర్వాత అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నీళ్లు, ఎరువు

మల్బరీ బెట్టకు ఓర్చుకుంటుంది, కాయ ఓర్చుకోదు. కాయ ఎరుపు తిరిగే పది రోజుల్లో నీళ్లు ఒకసారి అతి, ఇంకోసారి సున్నా అయితే కాయ రాలుతుంది. చెట్టుకు రెండు డ్రిప్పర్లు, గంటకు ఎనిమిది లీటర్లవి, మొదలుకు రెండడుగుల దూరంలో. చలికాలంలో మూడు రోజులకు ఒకసారి, వేసవిలో రోజు మార్చి రోజు రెండు గంటలు వదులుతాను. ఉప్పు నీళ్లకు డ్రిప్పర్ల మూతి తెల్లగా పేరుకుంటుంది, నెలకోసారి విప్పి వెనిగర్లో నానబెట్టండి.

పాదుల మీద కప్పడానికి మన దగ్గర శెనక్కాయ పొట్టుకు కరువు లేదు. మిల్లు దగ్గర బస్తాల లెక్కన ఇస్తారు. నాలుగు అంగుళాల మందాన వేస్తే వేసవిలో తడి సగం ఆదా అవుతుంది. ఒక్కటే జాగ్రత్త: మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి. పొట్టు మొదలుకు తగిలితే చెదలు నేరుగా బెరడుకే ఎక్కుతాయి.

ప్రతి కత్తిరింపుకూ దిబ్బెరువు, నెల తర్వాత కిలో శెనగచెక్క బకెట్ నీళ్లలో మూడు రోజులు నానబెట్టి పలచన చేసి పోయడం, నాకు ఇంతే. యూరియా వేస్తే ఆకు ఉరకలేస్తుంది, పండు వెనకబడుతుంది. పొయ్యి బూడిద మంచిదని చాలామంది చెప్తారు. అది పుల్లనేలలకు. మన ఉప్పునీటి నేలలో సున్నం గుణం ఇప్పటికే ఎక్కువ, బూడిద ఇంకా పెంచుతుంది.

ఆ సున్నం గుణం వల్లే కొత్త ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము నేలలో ఉన్నా వేరు తీసుకోలేకపోవడం ఇది. శెనక్కాయ రైతుకు తెలిసిన మందే: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకు మీద కొట్టాలి. వారం ఎడంతో రెండుసార్లు చాలు. పండున్నప్పుడు వద్దు.

పురుగు, పిట్ట

కొసలు ముడుచుకుని, ఆకు ముద్దగా, చిక్కుపడ్డట్టు అయితే అది తుక్రా. లోపల విప్పి చూడండి, తెల్ల పిండి మాదిరి పిండినల్లి కనపడుతుంది. ఆ కొసను రెండు అంగుళాల కిందికి తుంచి కవర్లో వేసి కాల్చేయాలి. అక్కడే పడేస్తే మళ్లీ ఎక్కుతుంది. పిండినల్లిని తినే ఒక జాతి అక్షింతల పురుగులు ఉన్నాయి. వాటి పిల్లలు కూడా తెల్లగా, పిండి చల్లినట్టే ఉంటాయి, నల్లి అనుకుని చంపేస్తారు. కదిలి చూస్తే తేడా తెలుస్తుంది, ఇవి చురుగ్గా నడుస్తాయి. చలికాలంలో ఆకు అడుగున వచ్చే బూడిద తెగులుకు లోపలి రెమ్మలు పలచన చేసి గాలి ఆడించడం మొదటి మందు.

ఏది కొట్టినా ముందు చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవాళ్లున్నారా అని కనుక్కోండి. పట్టుపురుగు అన్నిటికంటే సున్నితం. వేపనూనె అయితే ఏమవుతుందిలే అని నేను ఒకసారి కొట్టాను. నాలుగు రోజుల తర్వాత కత్తిరించిన ఆకు ఊరికే పోవడమెందుకని రెండు బస్తాలు తెలిసిన రైతుకు పంపాను. పురుగులు ఆకు ముట్టకుండా తట్టల అంచులకు పాకాయి. ఆయన వెంటనే గమనించి ఆకు మార్చాడు కాబట్టి బతికిపోయాను. పురుగులకు ఇచ్చే ఆకు మీద వేప కూడా పడకూడదు. వీటి గురించి అడగడానికి హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది, ఆకు సలహా అయినా తెగులు విషయంలో వాళ్ల మాట పండు చెట్టుకూ పనికొస్తుంది.

పిట్టలతో పోట్లాడి గెలవలేదు. గోరింకలు, పిగిలిపిట్టలు, కోకిలలు, రామచిలకలు, రాత్రిళ్లు గబ్బిలాలు. చెట్టు ఆరేడడుగులే కాబట్టి వల కప్పడం తేలిక. సన్న కన్నుల వల, కింద రాళ్లు పెట్టి బిగించి కప్పండి. వదులుగా వేలాడే వలలో పిట్టలు, పాములు చిక్కుకుంటాయి. నేను నాలుగు చెట్లకే వల వేస్తాను. ఒకదాన్ని వాటికి వదిలేశాక మిగతావాటి మీద దాడి తగ్గింది.

కోత

ఎర్రగా ఉన్నప్పుడు కోయకండి. పూర్తిగా నల్లబడి, మెరుపు కొంచెం తగ్గి, వేలితో తాకగానే చేతిలోకి రాలేది పండు. గుంజాల్సి వస్తే ఇంకా రెండు రోజులుంది. పొద్దున ఏడింటిలోపు, ఎండ తగలకముందు కోయండి. ఎక్కువుంటే కింద పాత చీర పరిచి కొమ్మ మెల్లగా ఊపితే మాగినవే పడతాయి. కాపు నడుస్తున్న చెట్టును రోజూ, తప్పితే రోజు మార్చి రోజు కోయాల్సిందే. మాగింది చెట్టు మీద ఉంటే ఈగలు చేరి పక్కవి కూడా పాడవుతాయి.

కడిగి దాచకండి, తినేముందే కడగండి. బయట ఒక పూట, ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించి నిలవదు. ఎక్కువుంటే పళ్లెంలో విడివిడిగా పరిచి డీప్ ఫ్రీజర్లో గట్టిపడ్డాక డబ్బాకెత్తితే ముద్ద కట్టవు. ఏప్రిల్‌ పండును గుడ్డ మీద పలచగా పరిచి పైన పలచని బట్ట కప్పి మిద్దె మీద ఆరబెట్టండి. మన ఎండకు మూడు రోజుల్లో ఎండుద్రాక్ష అవుతుంది. జామ్ చేస్తే కిలో పండుకు రెండు నిమ్మకాయల రసం పిండండి, లేకపోతే అది పాకంగానే ఉండిపోతుంది, గట్టిపడదు.

చేతులకూ చొక్కాలకూ మరక తప్పదు. సబ్బు పెట్టే ముందు ఇంకా నల్లబడని ఎర్రటి మల్బరీ కాయ ఒకటి నలిపి మరక మీద రుద్ది, చల్లనీళ్లతో కడిగి చూడండి. చేతికైతే పూర్తిగా పోతుంది. యూనిఫాంకు సగం పోతుంది, మిగతా సగానికి నిమ్మకాయ.